లైసెన్సుకు అడ్డొచ్చిన సంతకం

అమెరికాలోని డేటన్ ఊళ్లో ఇళ్లు కొనేవాళ్లకు అప్పులు ఇప్పించే ఓ చిన్న ఆఫీసులో ఒడెస్సా థ్రెల్‌కెల్డ్ పదకొండేళ్లుగా కాగితాలు సరిచూస్తోంది. ఏ పత్రం తక్కువైనా ఆమె కళ్లుగప్పి పోలేదు. కానీ వడ్డీ ఇంతని కొనేవాళ్లతో మాట్లాడే హక్కు మాత్రం ఆమెకు లేదు. అది లైసెన్సు ఉన్నవాళ్ల పని. కమిషనూ వాళ్లదే.

"నీకు తెలిసినదాంట్లో సగం తెలియనివాళ్లు కూడా లైసెన్సు తగిలించుకుని తిరుగుతున్నారు. నువ్వూ తెచ్చుకోరాదూ!" అన్నాడు యజమాని గారిటీ.

నలభై నాలుగో ఏట పుస్తకం పట్టింది. ఇరవై గంటల పాఠాలు వంటింట్లోనే కూర్చుని విన్నది. మొదటిసారి పరీక్ష తప్పింది. నెల ఆగి మళ్లీ రాస్తే నూటికి ఎనభై ఒకటి వచ్చాయి. తర్వాత వేలిముద్రలు ఇచ్చింది. దరఖాస్తులో 'ఎప్పుడైనా నేరం ఒప్పుకున్నారా?' అన్నచోట 'అవును' అని రాసింది.

మామూలు నేరమైతే ఏడేళ్లు గడిస్తే చాలని, మోసమైతే ఎన్నటికీ కుదరదని పాఠంలో చెప్పారు. తనది మోసం కాదనుకుంది. అమ్మ పెట్టమంటే పెట్టిన సంతకం మోసమెట్లా అవుతుంది?

అవుతుందని రాష్ట్రం ఉత్తరం రాసింది. గవర్నరు క్షమిస్తే తప్ప జన్మలో లైసెన్సు రాదట.

ఇరవై నాలుగేళ్ల కిందట తల్లి వెర్నెల్ ఆసుపత్రిలో ఉండి, "అద్దె కట్టాలే, ఆ చెక్కు మీద నా పేరు నువ్వే రాసెయ్" అంది. ఒడెస్సా రాసింది. తల్లితో ఉండే లూషియస్ ఆ డబ్బేదని వెర్నెల్ మీదికొస్తే, ఆమె భయపడిపోయి, "నేను చెప్పలేదు, నాకు తెలియదు" అనేసింది. అతను పోలీసుల్ని పిలిచాడు. ఒప్పుకుంటే జైలుండదని వకీలు చెబితే ఒడెస్సా ఒప్పుకుంది.

రాష్ట్రం పంపిన ఉత్తరం తెచ్చి, ఇప్పుడు తన ఇంట్లోనే ఉంటున్న తల్లి ముందు పెట్టింది.

"అమ్మా, నువ్వే పెట్టమన్నావని ఒక్క కాగితం రాసివ్వు. గవర్నరుకు పెట్టే క్షమాభిక్ష దరఖాస్తుకు జతచేస్తాను."

"పాతిపెట్టిన శవాన్ని ఇప్పుడెందుకు తవ్వుతావే?"

"లూషియస్ పోయి తొమ్మిదేళ్లయింది. ఇంకెవరి భయం?"

"చర్చిలో ముందు వరసలో కూర్చునేదాన్ని. కూతుర్ని పట్టించిన తల్లినని నా చేత్తోనే రాయమంటావా?"

"పట్టించావు కదమ్మా."

వెర్నెల్ టీవీ వైపు తిరిగింది. "జైలు పడలేదుగా. తిండికి లోటు లేదుగా. ఉన్న ఉద్యోగం చేసుకో."

తల్లి కాగితం లేకుండానే ఒడెస్సా దరఖాస్తు పంపింది. పద్నాలుగు నెలలకు, చెప్పిన మాటకు ఆధారం లేదంటూ తిరిగొచ్చింది. ఈలోగా గారిటీ కిన్స్లీ అనే పాతికేళ్ల అమ్మాయిని పెట్టుకున్నాడు. ఆమెకు పాఠాలు చెప్పి పరీక్ష గట్టెక్కించింది ఒడెస్సానే. ఒకరోజు ఇల్లు కొనబోతున్న ఓ ముసలాయన వచ్చి, "ఏమ్మా, ఈ వడ్డీ సరసమైనదేనా?" అని మెల్లగా అడిగాడు. కాదని ఆమెకు తెలుసు. "అది కిన్స్లీనే అడగాలండీ" అని తల వంచుకుంది. ఆయన సంతకాలు పెట్టి వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం చర్చి మెట్ల మీద ఎవరో వెర్నెల్‌ని, "మీ అమ్మాయి లైసెన్సు ఏమైంది వదినా?" అని పలకరించారు.

"ఏముందమ్మా, పరీక్ష పోయింది. చదువు అబ్బలేదు పాపం" అంది వెర్నెల్, పక్కనే కూతురున్నా తడుముకోకుండా.

ఒడెస్సా తల్లి ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో ఈసారి భయం లేదు, జాలి ఉంది. అది ఒడెస్సాను ఇంకా మండించింది. తల్లిని అక్కడే వదిలి మెట్లు దిగి కారెక్కి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం వెర్నెల్‌ని ఎవరో వాళ్ల కారులో దింపి వెళ్లారు. వంటింట్లో ఆమెకు భోజనం వండి మూతపెట్టి ఉంది. ఒడెస్సా గది తలుపు మాత్రం లోపల గడియ వేసి ఉంది.