పడుగు ఆరేదాకా

గంజిలో చూపుడువేలు ముంచి, బొటనవేలితో రుద్ది, మునివెంకటమ్మ మూతి తిప్పింది.

"ఇది గంజా, తట్టలు కడిగిన నీళ్ళా?"

పెద్దకోడలు పాపక్క కుండను మళ్ళీ పొయ్యి మీదికి ఎక్కించింది. ముప్పై ఏళ్ళుగా గంజి కాస్తోంది. ఆ నోట 'బాగుంది' అన్న మాట ఒక్కసారీ వినలేదు. వినలేదని ఏడవడం కూడా మానేసి చాలాకాలమైంది.

కబ్బన్‌పేట సందులో తెల్లవారకముందే పడుగు సాచారు. ఈ మొగ నుంచి ఆ మొగ దాకా, వెదురు కర్రల మీద ముప్పై గజాల నూలు. యుద్ధం వచ్చి నూలు కంట్రోలులోకి పోయాక, ఈ కాస్త దొరకడానికి మూడు నెలలు పట్టింది. ఇది చెడితే మరో మూడు నెలలు మగ్గం గుంటలో పిల్లి పడుకోవలసిందే. గంజికి బియ్యమూ రేషనే. ముసలామె తన వంతు బియ్యం గంజికి తీసి పెట్టి, తాను రాగిసంగటి తినేది. మనుషులు తింటే దండగనీ, నూలు తింటే గుడ్డయినా అవుతుందనీ అనేది.

గంజి పట్టిన పడుగును తడి ఆరేదాకా కుంచెతో దువ్వుతూనే ఉండాలి. చెయ్యి ఆగిందా, పోగూ పోగూ అతుక్కుని నూలంతా అట్ట కడుతుంది. దువ్వే చెయ్యిని ఆపగలిగేది ఆ వీధిలో ఒక్కటే, చావు కబురు. అది చెవిన పడితే చేతిలో పని చేతిలోనే వదిలెయ్యాలి. అది కట్టుబాటు.

ఆ కట్టుబాటు రుచి మునివెంకటమ్మకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు. ప్లేగు వచ్చిన ఏడు, పడుగు తడిగా ఉండగానే మొగుడు పోయాడు. కులంవాళ్ళు కుంచె పారేసి శవం చుట్టూ చేరి ఏడ్చారు. సాయంత్రానికి నూలు బిగిసిపోయింది. ఏడ్చినవాళ్ళలో ఒక్కడూ పిడికెడు రాగులు పెట్టలేదు. ఇద్దరు మగబిడ్డలతో ఆమె ఏడాదిపాటు పరాయి ఇళ్ళలో పిండి విసిరింది. ఆ తరవాత తనే కుంచె పట్టింది. ఆడది కుంచె పట్టడమేమిటని నవ్విన మగాళ్ళే పదేళ్ళకు తమ కొడుకులకు పని నేర్పమని వచ్చారు. ఆమె నేర్పింది, వాళ్ళ తండ్రులను తిడుతూ.

"సచ్చినోడు యాడికీ పోడే పాపక్కా," అనేది. "పడుగే పోతాది."

కొడుకులిద్దరినీ చూసి లోకం చేతులు జోడించాలి. పెద్దవాడు వెంకటగిరియప్ప కాఫీహోటల్లో కూర్చుంటే జర్మనీవాడు ఎటునుంచి ఎటు నడవాలో చెప్పగలడు. కుంచె పడితే తానెటు నడవాలో తెలియదు. చిన్నవాడు తిమ్మరాయప్ప విమానాల ఫ్యాక్టరీ గేటు దగ్గర ఖాకీ నిక్కరులో నిలబడతాడు. మాట్లాడితే మాత్రం రెక్కలు తానే బిగించి ఎగరేస్తున్నట్టు ఉంటుంది.

"గేటు తెరిసేదానికి ఒగడు, నోరు తెరిసేదానికి ఒగడు," అనేది తల్లి. "నా కడుపు అంత బాగా పండినాది."

గంజి పట్టించారు. కుంచెకు చెరోవైపు వెంకటగిరియప్పా, పెళ్ళాం పాపక్కా పట్టి నడిచారు. పడుగు మొదట్లో గోడకు ఆనుకుని, పీట మీద మునివెంకటమ్మ. తెగిన పోగు కనబడగానే వేళ్ళ మధ్య ముడివేసి, మిగిలిన మూడు పళ్ళతో కొసలు కొరికేసేది. ఆ ముడి ఎక్కడుందో వేలు పెట్టి వెతికినా దొరకదు. చేతులు ముళ్ళు వేస్తుంటే నోరు కొడుకును వాయిస్తోంది. పాచి మీద నడిచినట్టు నడుస్తున్నాడట. ఎద్దుకయినా ఇంతకన్నా వరస తెలుసట.

నాలుగో తిప్పుకో అయిదో తిప్పుకో ఆ నోరు ఆగింది.

కుంచెతో ఈ కొసకు వచ్చిన పాపక్క చూసింది. ముసలామె తల గోడకు వాలి ఉంది. నోటి మూలనుంచి ఎర్రటి చార గడ్డం దాకా జారింది. నూలు దగ్గర ఆకువక్క తమ్మ చుక్క రాలనిచ్చే మనిషి కాదు. అప్పుడే వేసిన ముడి కొసలు రెండూ ముక్కు ముందు వేలాడుతున్నాయి. దూది కన్నా తేలికైన పోగులు. కదలడం లేదు.

 పాపక్క పడుగు మీద చెయ్యి పెట్టి చూసింది. సగం తడి.

అత్త ముసుగును ముఖం మీదికి లాగింది. "ఎండ తగుల్తా ఉండాది. కునుకు పట్టినాది," అని మొగుడితో అని, కుంచె ఎత్తింది.

మరో తిప్పు. మరొకటి. ఎదురింటి అంజినమ్మ తమలపాకులతో గడప దిగింది. వీధిలో ఏ చావుకైనా మొదటి కేక తనదే కావాలని ఆరాటపడే మనిషి. నేరుగా పీట వైపే నడుస్తోంది. పాపక్క కుంచెను ఒక్క చేత్తో లాగుతూనే రెండో చెయ్యి అడ్డం చాచింది.

"ఇట్లియ్యి అక్కా. లేపితే నిన్నూ తిడతాది, నన్నూ తిడతాది."

అంజినమ్మకు తిట్ల రుచి తెలుసు. ఆకులిచ్చి వెనక్కి తిరిగింది.

వెంకటగిరియప్ప ముఖం మాత్రం వెలిగిపోతోంది. పొట్ట లోపలికి పీల్చి, చెయ్యి చాచి, యాభై ఏళ్ళలో ఎన్నడూ దువ్వనంత తిన్నగా దువ్వుతున్నాడు.

"సూస్తివా?" అన్నాడు గుసగుసగా. "అరగంటైనాది. అమ్మ ఒక్క మాటా అనలేదు."

పాపక్క అతని వైపు చూసింది. ఇంత మూర్ఖుణ్ణి కన్నందుకే ఆమె నోరు అంత చేదెక్కి ఉంటుంది అనుకుంది.

"ఊఁ," అంది.

పొద్దు ఇళ్ళ కప్పుల పైకెక్కి, ఎండ వీధంతా పరుచుకుంది. పాపక్క వంగి, అత్త ఎప్పుడూ చూసే తీరులోనే, పోగులను చెంపకు ఆనించింది. పొడిగా, గరగరలాడుతూ తగిలాయి. పడుగు చుట్టించి లోపల అటక మీద పెట్టించింది. అప్పుడు బయటికి వచ్చి, పీట పక్కన నేల మీద కూలబడి, ముసుగు తీసి గట్టిగా ఏడ్చింది. మొదటి కేక దక్కనందుకు అంజినమ్మ రెండో కేక మరీ పెద్దగా పెట్టింది.

మధ్యాహ్నానికి సందు నిండింది. తిమ్మరాయప్ప నిక్కరుతోనే వచ్చి గుండెలు బాదుకుంటూ, తన తల్లి దేవత అన్నాడు. దొడ్డబళ్ళాపురం చుట్టాలు ఆమె నోట తేనె కురిసేదన్నారు. ఆ నోటికి జడిసి ఎనిమిదేళ్ళుగా గడప తొక్కనివాళ్ళు. ఎప్పుడు పోయిందని ఎవరో అడిగితే, పాపక్క "ఇప్పుడే" అంది.

వెంకటగిరియప్ప వచ్చినవాడినల్లా పట్టుకుని చెప్పాడు. "కడాకు నా చెయ్యి సూసి అమ్మ ఏమీ అనలేదప్పా. నిమ్మళంగా కన్ను మూసినాది."

పాపక్క నోరు తెరిచింది. ఆ ముఖం చూసి మూసుకుంది. అత్తే అయితే వదిలేది కాదు.

కర్మలు ముగిశాక పడుగును మగ్గానికి ఎక్కించారు. అయిదో రోజు నేస్తూ నేస్తూ పాపక్క చెయ్యి ఆగింది. బిగిసిన పోగుల మధ్య, పోగులు దూర్చే అచ్చుకు జానెడు దూరంలో, ఒక ముడి నిలిచి ఉంది. రెండు కొసలూ వేలెడేసి పొడుగున, ఇంకా కొరకకుండా.