విఠల్ పేరు మీద ఇచ్చిన కారు

పాండురంగయ్య పిసినారి అని రాయచూరు బజారంతా అనేది. అందులో నిజం లేకపోలేదు. కాని కొడుకు విఠల్ అడిగితే మాత్రం ఆయన చేతికి ఎముక ఉండేది కాదు. హైదరాబాదులో జాగీరు పోయిన నవాబొకాయన అమ్ముకుంటున్నాడని తెలిసి, టాపు వెనక్కి మడిచే ఎర్ర కారు కొనిపెట్టాడు. ఇద్దరికి మించి పట్టదు, సరుకు వేయడానికి పనికిరాదు. ఈ ఎండల్లో నెత్తిన నీడ లేని కారేమిటయ్యా అని నవ్వని వాళ్ళు లేరు. విఠల్ మాత్రం అందులో కూర్చుంటే నేల మీద ఉండేవాడు కాదు.

అలాంటి పిల్లవాడు మాన్వి దారిలో, కొత్తగా నీళ్ళొచ్చిన కాలవలోకి కారుతో సహా పోయాడు. కారును ఎడ్లతో లాగి బయట వేశారు. పిల్లవాడు రెండు రోజుల తర్వాత ఎక్కడో దిగువన తేలాడు.

ఇంజను నిండా ఒండ్రు చేరిన ఆ కారును తెచ్చి పత్తి గోదాము పక్కన నిలబెట్టారు. అప్పటి నుంచి పాండురంగయ్య భార్య కాత్యాయని పొద్దు వాలగానే వెళ్ళి అందులో కూర్చునేది. తిండి మానేసింది, మాట మానేసింది, చీపురుపుల్లలా అయింది. కొడుకు పోయాడు, ఇక ఈమె కూడా పోతుందేమోనని ఆయనకు లోపల వణుకు. పైకి మాత్రం కసురుకునేవాడు. మగవాళ్ళలో సగం మందికి భయం కోపం రూపంలోనే వస్తుంది, ఏం చేస్తాం.

కారు కళ్ళెదుట ఉన్నంత కాలం ఈమె మనిషి కాదని తేల్చుకున్నాడు. అమ్మితే పోయిన కొడుకు సొమ్ము తిన్నాడంటారు. అనాథాశ్రమానికి ఇచ్చేద్దామనుకున్నాడు. తాళం చెవి వాళ్ళ చేతిలో పెట్టి దండం పెడితే సరిపోయేది. కాని ఆయన షావుకారు. ఎలాగూ ఇస్తున్నాం, పుణ్యం కూడా దక్కితే పోయిందేముంది? స్వామికార్యమూ, స్వకార్యమూ. సాంవత్సరికం నాడు పురోహితుడు భీమాచార్లను అడిగాడు.

"చెప్పులు, గొడుగు, మంచం ఇస్తం గదా. మోటారు ఇయ్యొద్దా?"

"ఎందుకియ్యొద్దు? పోయినోళ్ళ పేరు మీద ఈడ ఏది ధారపోస్తె ఆడ వాళ్ళకు అదే ముడుతది. చెప్పులిస్తె కాళ్ళు కాలయి, గొడుగిస్తె ఎండ తగలదు." ఆ కారును ఎక్కడ తనకే అంటగడతాడోనని ఆచార్లు వెంటనే సర్దుకున్నాడు. "ఆశ్రమపోళ్ళకే ఇయ్యి సావుకారీ. నాకొద్దు."

గోత్రం చెప్పి, పేరు చెప్పి, నువ్వులూ నీళ్ళూ వదిలి, విఠల్ పేరు మీద కారు దానం చేశాడు. ఆశ్రమం చూసుకునే అమరప్ప ఎడ్లు కట్టి లాక్కుపోయాడు. కారు వీధి మలుపు తిరిగేదాకా కాత్యాయని చూసింది. ఏడవలేదు.

వారం తిరగకముందే ఆమె తల దువ్వుకుంది. పొయ్యి దగ్గరికి వచ్చి జొన్నరొట్టె చేసింది. దీపాలు పెట్టాక పాండురంగయ్య దుకాణం నుంచి వచ్చేసరికి ఆమె మొహంలో కళ. ఆయన మొక్కని దేవుడికి కూడా మొక్కుకున్నాడు.

"విఠల్ వస్తుండు," అంది ఒకరోజు వడ్డిస్తూ. "పొద్దుగూకంగ వస్తడు. మోటారుల కూసోబెట్టుకొని కాలవ గట్టు మీద తిప్పుతడు. మొదలు దగ్గర్నే తిప్పిండు, ఇప్పుడు దూరం పోతున్నం."

కలలు కంటే కననీ, కడుపుకింత తింటోంది కదా అని ఆయన తలూపాడు. అయితే ఆమె జుట్టు గాలికి చెదిరి ఉంది. కొంగు అంచున తడి ఆరని ఒండ్రు. ఇంటి బావి నీళ్ళ వాసన కాదది, కాలవ నీళ్ళ వాసన. చూశాడు, చూడనట్టే రొట్టె తుంచుకున్నాడు.

ఆ తర్వాత ఒకనాడు రాత్రంతా బండి తోలుకుని మల్లట్ నుంచి పత్తి తెచ్చిన రైతు ఉలిగప్ప బండి దిగి తల గోక్కున్నాడు.

"సావుకారీ, నిన్న మాపటేల అమ్మగారు మా ఊరి కాలవ కాడికి ఎందుకొచ్చిండ్రు?"

"మా ఇంటామెనా? మల్లట్ల? నీకేమన్న పిచ్చా?"

"నేనెరుగనా అమ్మను? గట్టు మీద పోతుండె. నడుస్తలేదు సావుకారీ. కూసున్నట్టుండె, కూసునే పోతుండె. కింద ఏం లేదు. మోటారు చప్పుడైతే ఇనొచ్చింది."

పాండురంగయ్య దుకాణం గుమాస్తా మీద వదిలేసి ఆశ్రమానికి పరుగెత్తాడు. కారు వెనక్కి తెచ్చుకోవాలి. ఇచ్చిన దానం తిరిగి తీసుకున్నవాడు పురుగై పుడతాడంటారు. పుడితే పుట్టనీ.

అమరప్ప పెరట్లోకి తీసుకుపోయి చూపించాడు. చక్రాలు నీళ్ళబండికి వేశారు. ఇంజను తుక్కు కింద పోయింది. సీట్లు గదిలో పరిచారు, వాటి మీద పిల్లలు బోర్లా పడుకుని పలకలు దిద్దుకుంటున్నారు. మిగిలిన రేకు డొల్లలో కోడి పొదుగుతోంది.

"మీ పేరు చెప్పుకొని పిల్లలు తింటున్నరు," అన్నాడు అమరప్ప. "ఏంది సావుకారీ, గట్ల నిలబడితిరి?"

వెనక్కి తెచ్చుకోవడానికి ఇక్కడ కారు లేదు. మొత్తం అక్కడికి చేరిపోయింది. చేర్చినవాడు తనే, గోత్రం చెప్పి మరీ.

ఇంటికి వచ్చేసరికి పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు. కాత్యాయని పట్టుచీర కట్టుకుని నడవలో కూర్చుని ఉంది.

"ఇయ్యాల ముదగల్ దాటి పోదమన్నడు," అంది. "మళ్ళ ఎప్పుడొస్తమో చెప్పలే. మీకు రొట్టెలు బుట్టల పెట్టిన."

ఆయన వీధి తలుపు మూసి గడియ పెట్టాడు. ఆమె పక్కన కూలబడి చెయ్యి పట్టుకున్నాడు. పెళ్ళయ్యాక పగటి వెలుగులో ఆమె చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

"పోకే," అన్నాడు. "నువ్వు గూడ పోతె నాకెవ్వరున్నరు?"

"మీరు వద్దంటె పోను. కాని వానికి మీరే చెప్పుండ్రి. వాడు వాకిట్లకొచ్చి పిలుస్తె కాదనే బలం నాకు లేదు."

సరేనన్నాడు. సంజ చీకట్లు పడ్డాయి. ఎదురింట్లో దీపం వెలిగింది. వీధి చివర చప్పుడైంది. దుకాణంలో కూర్చుని ఎన్నిసార్లు విన్న చప్పుడో. వచ్చి వాకిట్లో ఆగింది. హారను మోగింది.

తలుపు తీయనక్కర్లేదు. మీ అమ్మ రాదు, పో నాయినా అని లోపలి నుంచే కేకేస్తే చాలు. ఆయన నోరు తెరిచాడు కూడా.

"నాయినా," అంది బయటి గొంతు.

ఆ రోజు కాలవ ఒడ్డున కప్పిన గుడ్డ తీయబోతే నలుగురూ ఆయన రెక్కలు పట్టుకున్నారు. చూడొద్దు సావుకారీ, తట్టుకోలేవు అన్నారు. గుడ్డ తీయకుండానే చితికి నిప్పు పెట్టాడు. కన్నకొడుకు కడసారి చూపు దక్కలేదు. ఒక్కసారి చూసి వెంటనే తలుపు వేసేద్దాం అనుకున్నాడు. భార్య చెయ్యి వదిలి లేచాడు. గడియ తీశాడు.

టాపు వెనక్కి మడిచి ఉంది. చక్రాల కింద నేల తడుస్తోంది. విఠల్ తల తిప్పి తండ్రిని చూశాడు. మొహానికి ఏమీ కాలేదు. అదే ముక్కు, అదే నూనూగు మీసం, నవ్వితే బుగ్గ మీద అదే సొట్ట. పాండురంగయ్య ద్వారబంధం పట్టుకుని చూశాడు. కన్నీళ్ళు అడ్డమొస్తే తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఎంత చూసినా తనివి తీరలేదు.

కాత్యాయని తన పక్కనుంచి ఎప్పుడు మెట్లు దిగిందో, ఎప్పుడు ఎక్కి కూర్చుందో ఆయన చూడలేదు.