జవాబు లేని సలాం

ఆ ఏడంతస్తుల ఆఫీసు భవనంలో లిఫ్టు ఎక్కి ఎవరి మీదా చాడీలు చెప్పకూడదు. చెబితే ఆగిపోతుంది. ఆ మనిషి గురించి మనసారా ఒక్క మంచి మాట చెప్పేదాకా కదలదు. అక్కడ అందరికీ తెలిసిన సంగతే కాబట్టి నోటిదురద ఉన్నవాళ్ళు మెట్లెక్కిపోయేవారు. మోకాళ్ళ నొప్పుల పెద్దగుమాస్తా మాత్రం మెట్లెక్కలేక చాడీలే మానేశాడు.

లిఫ్టు నడిపేది మర్యాదల తాత. వయసులో ఉండగా తన గురువు పీర్ సాహెబ్ దగ్గర నేర్చుకున్న అదబ్, అంటే మాటలోనూ నడతలోనూ మనసులోనూ ఉండాల్సిన మర్యాద, ఆయనకు బాగా ఒంటబట్టింది. బంట్రోతు ఎక్కినా, డైరెక్టరు ఎక్కినా ముందు సలాం ఆయనదే. ఎదుట లేనివాళ్ళను పల్లెత్తు మాట అనేవాడు కాదు. ఎవరైనా నోరుజారి ఇరుక్కుంటే మంచి మాట వెతికి అందించేదీ ఆయనే. తను అంత మర్యాదస్తుడినని ఆయనకు బాగా తెలుసు కూడా. ఉన్న ఒక్క జబ్బూ అదే.

ఆ రోజు మధ్యాహ్నం నమాజు చేసుకుని ఖాళీ లిఫ్టులో దిగుతుంటే నాలుగో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య లిఫ్టు ఆగిపోయింది. మీట తిప్పాడు. కదల్లేదు. కరెంటు ఉంది, నెత్తిమీద ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"నేనేమన్నానూ?" అన్నాడు తాత గట్టిగా.

అనలేదు. అనుకున్నాడు. పొద్దున భార్య టిఫిన్ డబ్బా చేతికిస్తూ, "మూడింటి రైలుకి అమ్మాయీ అల్లుడూ ఊరొదిలి వెళ్ళిపోతున్నారండీ. అతను అడిగి మరీ బదిలీ వేయించుకున్నాడట. మనవరాలికి నాలుగేళ్ళొచ్చాయి, ఒక్కసారైనా చూడరా?" అంది. కూతుర్ని తనను అడక్కుండా పెళ్ళి చేసుకున్నవాడి మొహం చూడనని చెప్పి వచ్చేశాడు. ఇప్పుడు దిగుతూ దిగుతూ, పోతే పోనీ, సంస్కారం లేని వెధవ, అనుకున్నాడు.

గ్రిల్ తలుపు అవతల మెట్లు, మెట్ల పక్కన కిటికీ. కిటికీలోంచి చూస్తే వీధిలో సామాను కట్టిన ఆటో. అందులో కూతురు. ఆమె ఒళ్ళో ఎర్రగౌను పిల్ల కాళ్ళాడిస్తోంది. ముఖం కనబడటం లేదు. తాత గడియారం చూసుకున్నాడు. టైము రెండూ పది.

"మంచివాడేలే పాపం," అన్నాడు. లిఫ్టు కదల్లేదు. "కష్టపడి పనిచేస్తాడు." ఊహూఁ. పైపై మాటలకు ఆ లిఫ్టు లొంగదని అందరికీ చెప్పింది తనే. గ్రిల్ పట్టుకుని ఊపాడు. కేకేద్దామంటే సిగ్గు. మర్యాదల తాత ఎవర్ని తిట్టి ఇరుక్కున్నాడని భవనమంతా అడుగుతుంది. ముప్పై ఏళ్ళుగా ఈ పెట్టెలోనే ఉన్నాడు, ఇందులో ఊపిరాడదని ఇవాళే తెలిసింది.

కింద ఎవరో గంట నొక్కారు. కాస్త ఆగి మళ్ళీ నొక్కారు. ఊపిరి తీసుకునేంతసేపు ఆగి మూడోసారి. ఆ తర్వాత లేదు.

ఆ వరస తాతకు తెలుసు. ఆరేళ్ళ కిందట, పెళ్ళయిన వారానికి, అల్లుడు గుమ్మం బయట నిలబడి ఇలాగే ఆగి ఆగి మూడుసార్లు సలాం చెప్పాడు. జవాబివ్వబోయిన భార్యను తాత చెయ్యి పట్టుకుని ఆపాడు. మూడుసార్లు పిలిచినా పలక్కపోతే మనసు కష్టపెట్టుకోకుండా తిరిగి వెళ్ళాలని పీర్ సాహెబ్ చెప్పేవారు. అల్లుడు అలాగే వెళ్ళాడు. వెళ్ళేముందు, గుమ్మంలో చెల్లాచెదురుగా పడున్న మామగారి చెప్పుల్ని ఆయన తొడుక్కోవడానికి వీలుగా తిప్పి పెట్టాడు. బయటికి పొమ్మన్నట్టుందని ఆ రోజు తాత ఇంకా మండిపడ్డాడు. సలాం చెప్పడం మంచిది, జవాబివ్వడం విధి. విధి తప్పిందెవరు?

"వాడికి నాకంటే అదబ్ ఎక్కువ," అన్నాడు తాత. "తప్పింది నేనే."

లిఫ్టు కిందికి కదిలింది.

తలుపు తీసేసరికి అల్లుడు వీధి గుమ్మం దాకా వెళ్ళిపోయాడు. ఆ భవనంలో అతనికి వేరే పనేమీ లేదు, తనకోసమే వచ్చాడు.

"వ అలైకుమ్ అస్సలామ్," అన్నాడు తాత, ఆరేళ్ళ నాటి సలాముకు జవాబుగా. అల్లుడు ఆగాడు. తాత మళ్ళీ అన్నాడు. మూడోసారి అనేసరికి అల్లుడు ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"ఆలస్యమైంది నాయనా."

"ఫర్వాలేదు మామయ్యా," అన్నాడు అల్లుడు కళ్ళు తుడుచుకుంటూ. "తాతయ్య లిఫ్టు ఎక్కుతానని పాప పొద్దుట్నుంచీ ఒకటే గోల."

మూడింటి రైలు ఆ రోజు ముగ్గురు మనుషులు తక్కువై బయల్దేరింది.