కత్తెర కన్నా ముందు

ఉమ్మే హబీబా కత్తెర ఆడించేసింది. ఆ తర్వాత ఫోన్ తెర మీద అక్షరాలు వచ్చాయి: "ఆగక్కా, చేతుల పొడుగు మార్చాల."

అప్పటికే జాకెట్ గుడ్డ రెండు ముక్కలైపోయింది. ఆ గుడ్డ కుట్టమని ఇచ్చిన పెంచలమ్మ ఎదురుగా నిలబడి ఏదో అంటోంది. పెదాల కదలికను బట్టి "పోనీలే అక్కా" అనే అంటున్నట్టుంది. కానీ ఉమ్మే హబీబా ఆ రోజు షాపు షట్టర్ దించి, మళ్ళీ ఎత్తలేదు.

ఒక జ్వరంలో ఆమెకు వినికిడి పూర్తిగా పోయింది. చెవి మిషన్ కూడా పనికిరాలేదు. ఎదుటివాళ్ళ మాటల్ని అక్షరాలుగా చూపించే సాఫ్ట్‌వేర్‌ను ఆమె ఫోన్‌లో పెట్టింది కూతురు సబియానే. చిత్తూరులో షాపు ఉన్న ఆ సందులో సిగ్నల్ అందదు కాబట్టి, మాటల్ని అక్షరాలుగా మార్చే లెక్కంతా ఫోనే చేసుకోవాలి. మామూలు ఫోన్‌కు అది మోయలేని బరువు. కాసేపటికే వేడెక్కిపోయేది, మధ్యాహ్నం లోపే ఆగిపోయేది. మాటలు ఎప్పుడూ ఆలస్యమే.

సబియా ఏర్పేడు దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. కంప్యూటర్ ప్రోగ్రాములు తక్కువ కరెంటుతో, వేగంగా నడిచేలా చేయడమే ఆమె పరిశోధన. శనివారం ఇంటికి వచ్చేసరికి షాపు మూసి ఉంది. ఎందుకని ఫోన్‌లో రాసి చూపించింది.

"చెవులు పోయినాయంటే సర్దుకున్నా బేటీ," అంది తల్లి. "మనిషి మాట చెవిన పడకుండానే గుడ్డ కోసేస్తా ఉంటే, ఇంక నన్ను నమ్మి ఎవురిస్తారు?"

"ఇంకా మంచి ఫోన్ కొందామా?" అన్నాడు తండ్రి ఇమాంసాహెబ్.

"వద్దు అబ్బా. ఫోన్‌ది కాదు తప్పు," అంది సబియా. "ఆ సాఫ్ట్‌వేర్‌నే బాగుచెయ్యాల."

సోమవారం గైడ్ జాహ్నవి ముందు కూర్చుని, షాపులో జరిగింది చెప్పి, అదే మాట అంది. జాహ్నవి ఒప్పుకోలేదు. "పెద్ద సర్వర్ల మీద నీ పని బాగా నడుస్తోంది. ఇప్పుడు దారి మారిస్తే ఏడాది వెనక్కి పోతావు."

"పోనీండి మేడం. ఆ మాట కత్తెర కన్నా ముందు రావాల."

"సరే, మొదలుపెట్టు," అంది జాహ్నవి.

సబియా మొదట అందరూ చేసేదే చేసింది. ప్రోగ్రాం లోపలి లెక్కల్ని కుదించి చిన్నది చేసింది. ఫోన్ చల్లబడింది, మాటలు చకచకా వచ్చాయి. తప్పులు కూడా పెద్దగా పెరగలేదు. జాహ్నవి సంతోషించి, "ఇక పేపర్ రాసేయ్," అంది.

రాసే ముందు సబియా ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, తల్లి షాపులో వినబడే మాటలు ఒక్కొక్కటే పలికింది. "ఈడ కత్తిరించొద్దు" అంది. తెర మీద "ఈడ కత్తిరించు" అని వచ్చింది. మళ్ళీ అంది. మళ్ళీ అదే.

ఫోన్ తీసుకుపోయి జాహ్నవికి చూపించింది. "నూటికి నాలుగైదు తప్పులే మేడం. కానీ ఆ నాలుగైదులో 'వద్దు' అనే మాట ఉండాది. దీన్ని మా అమ్మ చేతికి ఇవ్వలేను."

పేపర్ ఆగిపోయింది. కుదించడం మానేసి, కరెంటు అసలు ఎక్కడ ఖర్చవుతోందో వెతకడం మొదలుపెట్టింది. బ్యాటరీకి మీటర్ తగిలించి, ప్రోగ్రాంలో ఒక్కో భాగాన్నీ విడిగా నడిపి చూసింది. చివరికి దొరికింది. కొత్త మాట వచ్చినప్పుడల్లా అది అంతకుముందు విన్నదాన్నంతా మొదటినుంచీ మళ్ళీ లెక్కగడుతోంది. ఎవరూ మాట్లాడకపోయినా ఊరికే పనిచేస్తూనే ఉంది.

ఒకసారి చేసిన లెక్కను దాచుకుని, కొత్త మాటకు మాత్రమే లెక్క చేసేలా తిరగరాసింది. మొదట్లో పాత మాటలూ కొత్త మాటలూ కలగాపులగమయ్యాయి. చెరిపేసింది, మళ్ళీ రాసింది. మనిషి గొంతు వినిపిస్తేనే మిగతాదాన్ని నిద్రలేపే చిన్న భాగం ఒకటి ముందు చేర్చింది. ల్యాబ్‌లో ఫోన్ రోజంతా నడిచింది. "వద్దు" అంటే "వద్దు" అనే వచ్చింది.

కూతురి మాట మీద ఉమ్మే హబీబా షాపు తెరిచింది. అక్కడ మాత్రం ఫోన్ మళ్ళీ మధ్యాహ్నానికే ఆగిపోయింది.

ఉమ్మే హబీబా ఫోన్ బల్ల మీద పెట్టి, "ఇంక వదిలెయ్ బేటీ. చదువు పాడు చేసుకోవద్దు," అంది.

సబియా ఫోన్‌కు మీటర్ తగిలించింది. కుట్టుమిషన్ పెడల్ తొక్కి, మీటర్ వైపు చూసింది. మోటారు తిరిగినంతసేపూ ముల్లు పైనే ఉంది. ఆ చప్పుడును ప్రోగ్రాం మనిషి గొంతనుకుంటోంది. అందుకే దానికి నిద్రే లేదు.

ఆ వారమంతా ఆమె షాపులోనే కూర్చుంది. మోటారు చప్పుడు, ఫ్యాను, సందులో పోయే ఆటోలు, బేరాలు, నవ్వులు, వచ్చినవాళ్ళను అడిగి అన్నీ రికార్డు చేసుకుంది. మోటారు మోతలో కలిసిపోయిన గొంతును కూడా పసిగట్టడం ఆ చిన్న భాగానికి వాటితోనే నేర్పించింది.

ఆ తర్వాత ఒక రోజు నగరి నుంచి ఒకావిడ పట్టుచీర మీదికి జాకెట్ గుడ్డ తెచ్చింది. మిషన్ నడుస్తుండగానే ఏదో అంది. ఉమ్మే హబీబా తెర వైపు చూసి, కాలు ఆపింది.

"మెడ వెనక లోతు వద్దంటావా? సరే. అయితే ముందర కొంచెం దించుతా, చూడు," అంటూ టేపు అందుకుంది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు కూడా ఫోన్ చల్లగానే ఉంది. సబియా ఆ సంగతి జాహ్నవికి ఫోన్ చేసి చెప్పింది.  "చప్పుళ్ళ మధ్య కొలిచిన లెక్కలే పేపర్‌లో ముందు పెట్టు," అంది జాహ్నవి.

ఇంట్లో అన్నాలప్పుడు ఉమ్మే హబీబా ఫోన్‌ను కూతురి ముందుకు జరిపింది. "దీనికి తెలుగే వస్తాది. మీ అబ్బా ఇంట్లో ఉర్దూలో ఏం మాట్లాడతాడో నాకు తెలియక రెండేళ్ళయింది. అది కూడా నేర్పు."

సబియా రికార్డు మీట నొక్కి, ఫోన్ తండ్రి పళ్ళెం పక్కన పెట్టింది. "మాట్లాడండి అబ్బా."

"ఏం మాట్లాడేది?" ఇమాంసాహెబ్ తడబడ్డాడు.

"ఏమైనా. అమ్మీకి చెప్పాలనుకున్నది."

ఆయన గొంతు సవరించుకున్నాడు. భార్య వైపు ఒకసారి చూసి, ఉర్దూలో నెమ్మదిగా మొదలుపెట్టాడు.