డబ్బా వెనకవైపు

"జాగ్రత్త! అది టీవీ స్టాండు కాదు, కంప్యూటరు. మెల్లిగా తుడువు," అన్నాడు భర్త, సోఫాలోంచి లేవకుండా.

మూడేళ్ళుగా ప్రతి ఆదివారం ఇదే హెచ్చరిక. ఆ డబ్బా వెనక్కి చెయ్యి పోనిచ్చి దుమ్ము తీసే ప్రాణి ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. ఆస్పత్రిలో ఎక్స్‌రే మిషన్లతో రోజంతా వేగే మనిషి. మిషన్ మొరాయిస్తే కంపెనీ ఇంజనీరు కూడా ముందు ఆమెకే ఫోన్ చేసి, "మేడమ్, ఏ వైరు వదులైందో కాస్త చూసి చెప్పరూ" అంటాడు. పెద్ద డాక్టరు మాత్రం పదకొండేళ్ళ తర్వాత కూడా నర్సనుకుని "సిస్టర్" అనే పిలుస్తాడు. ఇంట్లో ఆ పాటి పిలుపు కూడా లేదు.

ఆ రోజు ఇంట్లో పెద్ద సభ జరుగుతోంది. ఆటలాడే కంప్యూటరు నత్తలా నడుస్తోందని, మరీ ఖరీదైనవీ మరీ చవకవీ కాకుండా కొత్త పార్టులు కొనాలని అన్నదమ్ముల తీర్మానం. మూడేళ్ళ కిందట దాన్ని బిగించిన మేధావి మరిదే. "అన్నయ్యా, గ్రాఫిక్స్ కార్డు చచ్చిపోయింది. దానికి వయసైపోయింది," అంటూ డబ్బా పక్క తలుపు తీసి లోపలంతా ఫొటోలు తీసుకున్నాడు. డబ్బాను అలాగే వెలుతురుకి తిప్పి వదిలేశాడు.

ఎప్పుడూ చేత్తో తడిమి తుడిచే వెనకవైపు అలా మొదటిసారి ఆమె కంటపడింది. మానిటర్ వైరు పైనున్న మదర్‌బోర్డుకి పెట్టి ఉంది. అది పెట్టాల్సిన చోటు కింద, గ్రాఫిక్స్ కార్డుకి. ఆ కార్డు మూతికున్న నీలం రంగు ప్లాస్టిక్ మూత కూడా ఎవరూ తియ్యలేదు! అంటే ఆటలో కొండలూ కోనలూ చూపించాల్సిన కార్డు మూడేళ్ళుగా కాలు మీద కాలేసుకుని కూచుంది. బరువంతా లోపలున్న చిన్న చిప్పు లాగుతోంది. పేరు దానిది, చాకిరీ దీనిది. ఈ సంసారం ఆమెకు బాగా తెలిసినదే.

"ఏమండీ, ఈ వైరు..."

"దాన్ని కదపకు," అన్నాడు భర్త.

"అది కాదు, కార్డుకి పెట్టాల్సింది..."

"వదినా, ఇది మీ ఎక్స్‌రే కాదు. బటన్ నొక్కగానే బొమ్మ వచ్చెయ్యదు," అని మరిది నవ్వాడు. "కాస్త టీ ఇస్తే పార్టులు తేల్చేస్తాం."

ఆమెకు ఒళ్ళు మండింది. వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టింది గానీ మనసంతా ఆ నీలం మూత మీదే. ఎందుకంటే మంగళవారం కూడా ఆమెకు సెలవే. ఆ మధ్యాహ్నం ఇంట్లో అత్తగారి గురక తప్ప ఇంకేమీ వినపడదు. అప్పుడామె అదే కంప్యూటర్లో లారీ తోలే ఆట ఆడుకుంటుంది. పెద్ద లారీ, ఖాళీ రోడ్డు, పక్కన ఎవరూ ఉండరు, ఎవరూ టీ అడగరు. ఆ లారీ కూడా ఆగి ఆగి నడుస్తుంది. గేటు చప్పుడైతే సగం దారిలో వదిలేసి లేవాల్సిందే. దొంగతనం చేసినట్టు ఎన్నాళ్ళు? తనకూ ఒకటి ఉండాలి, తన బల్ల మీద. టీ పొంగేలోపు నిర్ణయమైపోయింది. ఇక చెప్పేది లేదు. రెండుసార్లు చెప్పింది కదా!

షాపులో ఆమెకు స్టూలు వేశారు, జాబితా మాత్రం భర్త చేతికిచ్చారు.

"కొత్త ప్రాసెసర్‌కి మా పాత మదర్‌బోర్డు పనికొస్తుందా?" అని అడిగింది.

"సార్ మంచి మాట అడిగారు," అన్నాడు షాపతను, భర్తను చూస్తూ. "పనికిరాదు సార్. అదీ మార్చాలి. ర్యామ్ కూడా."

సార్ తాను అడగని మాటకి గంభీరంగా తలూపాడు.

"అంత పెద్ద కార్డుకి పాత పవర్ సప్లై చాలుతుందా?"

"సార్ భలే కనిపెట్టారు!"

ఆమె ఒక్కో ప్రశ్న అడిగినప్పుడల్లా కొత్త జాబితాలో ఒక పార్టు చేరింది, పాతది ఒకటి ఇంట్లో మిగిలింది. చివరికి మరిది ఆమె వైపు తిరిగి, "వదినా, లైట్లు ఏ రంగు బావుంటాయి? రంగులు ఆడవాళ్ళకే తెలుస్తాయి," అన్నాడు.

"నీలం. కానీ పాత డబ్బాలో లైట్లు కనపడవుగా?"

దాంతో అద్దాల డబ్బా కూడా కొన్నారు.

"పాత చెత్తంతా ఏం చేద్దాం?" అన్నాడు భర్త దారిలో.

"నాకివ్వండి."

"నీకెందుకు?"

"తుడుచుకోడానికి."

అన్నదమ్ములిద్దరూ పడీ పడీ నవ్వారు. పడేసే బాధ తప్పిందని ఇచ్చేశారు.

ఆస్పత్రి స్టోరులో మూలపడ్డ మానిటరొకటి ఆమె అడిగి తెచ్చుకుంది. ఇస్త్రీ బల్ల ఖాళీ చేసి, బట్టల గుట్టను ఎవరి మంచం మీద వాళ్ళది పెట్టేసింది. పాత పార్టులన్నిటినీ పాత డబ్బాలో పేరంటానికి కూర్చోబెట్టినట్టు బిగించి, కార్డుకున్న నీలం మూత పీకి, మానిటర్ వైరు అక్కడ గుచ్చింది. లారీ కదిలింది. అబ్బ, ఎంత సాఫీగా కదిలిందని! చెట్లకి ఆకులున్నాయని ఆమెకు అప్పుడే తెలిసింది. సంతోషం పట్టలేక హారన్ మోగించింది. ఆ మోతకి లేచొచ్చిన అత్తగారు కుర్చీ లాక్కుని పక్కనే కూచుంది.

"ఎడమకి తిప్పవే! ఎదురుగా బండి!"

ముందు గదిలో, మళ్ళీ మరిదే బిగించిన కొత్త డబ్బాలో నీలం లైట్లు వెలుగుతున్నాయి. "కొత్తదీ అలాగే ఏడుస్తోందేమిట్రా!" అని భర్త అరుస్తున్నాడు. "ర్యామ్ ఇంకాస్త కొనాలేమో," అంటున్నాడు మరిది.

కాసేపటికి భర్త వచ్చి ఇస్త్రీ బల్ల వెనక నిలబడ్డాడు. ఘాట్ రోడ్డు మీద వెన్నలా జారిపోతున్న లారీని చూసి నోరు తెరిచాడు.

"అదే పాత చెత్త కదా! ఎలా నడుస్తోంది? ఒక్కసారి వచ్చి చూడు మాది."

అలవాటు కొద్దీ ఆమె సగం లేచింది.

"కూచోవే! లోయలో పడతాం!" అని కేకేసింది అత్తగారు.

ఆమె కూచుంది. మలుపు తిరిగేదాకా తెర మీంచి చూపు తిప్పలేదు. తర్వాత ఒక చేత్తో బల్ల చివర ఉన్న దుమ్ముగుడ్డ తీసి భర్తకి అందించింది.

"డబ్బా వెనకవైపు శుభ్రంగా తుడవండి, మీకే కనపడుతుంది. జాగ్రత్త, అది టీవీ స్టాండు కాదు."