పైవైపు గుర్తు

పాత న్యాయస్థానం వసారాలో మూడో స్తంభం పెచ్చులు రాలుస్తోందని తెలిసిన నాటినుంచి నాకు కుదురు లేదు. పొద్దున్నే ప్రార్థనకు కళ్లు మూసుకున్నా ఆ స్తంభమే కనిపిస్తుంది. పనికి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి వేలి కణుపుతో కొట్టి చూస్తున్నాను. మిగతావి ఖంగుమంటాయి. అదొక్కటే గుల్లగా పలుకుతుంది.

ఊళ్లో పాత కట్టడాలన్నీ ఇసుకరాతివే. ఒకప్పుడు సముద్రం అడుగున ఇసుక పొరమీద పొర పేరుకుని గట్టిపడిన రాయి. చెక్కుతుంటే ఇప్పటికీ గవ్వలు బయటపడతాయి. గనిలో ఎలా పడుకుని ఉందో కట్టడంలోనూ అలాగే పడుకోబెట్టాలి. నిలబెడితే పొరలు ఊడిపోతాయి. పొడిరాతిలో పొర కంటికి ఆనదు కనుక గనివాళ్లు ప్రతి దిమ్మెకూ పైవైపున ఒక గీత చెక్కి పంపేవారు.

ముప్పై ఏళ్ల కిందట ఆ స్తంభాలకు కొత్త దిమ్మెలు వేసిన పెద్దమేస్త్రి మా మామగారే. తనిఖీకి వచ్చిన ఇంజనీరమ్మ, పెద్దమేస్త్రి తప్పేనని ఈ సాయంత్రం కాగితం మీద రాయబోతోంది.

"విన్నావా బావా?" అని బావమరిది పనిచోటనే చిందులు తొక్కాడు. "నాన్న రాయిని నిలబెట్టాడట! అన్నం తిన్నాడో లేదో మర్చిపోతాడు గానీ అది మర్చిపోతాడా? నువ్వు మాట్లాడవేం, నోట్లో సున్నం పోసుకున్నావా?"

ఏం మాట్లాడను? అప్పుడు నేను కొత్త అల్లుణ్ణి. మామగారు వచ్చేలోపు మెప్పు కొట్టేద్దామని దిమ్మెల్ని ఆరువైపులా నున్నగా చెక్కేశాను. గీతలూ పోయాయి. ఆయన వచ్చి "పైవైపేది అల్లుడూ?" అంటే, తెలియకపోయినా తడుముకోకుండా ఏదో ఒక వైపు చూపించాను.

దేవుడు ఎన్ని యుగాలో ఓపిగ్గా పేర్చినదాన్ని నేనొక్క పూటలో తిప్పేశానా? ఇన్నేళ్లూ ఆ దేవుణ్ణి ఏమేమో అడుక్కున్నాను గానీ ఈ సంగతి మాత్రం ఎత్తలేదు.

మధ్యాహ్నం తిన్నగా మామగారి గదికి వెళ్లి అంతా చెప్పేశాను.

"తడిపితే పొర కనిపించేది. ఎవరి రాయైనా తడిపి చూసేవాణ్ణి," అన్నారు. "అల్లుడి మాట కదా అని తడపలేదు. అలా ఎన్ని దిమ్మెలు చెక్కావు?"

"గుర్తులేదు మామయ్యా."

"గుర్తులేదా!" చేతికర్ర నేలకేసి కొట్టి లేచారు. "ఆ నీళ్ల బిందె తియ్యి. ముందు ఇంజనీరమ్మకు నీ నోటితో చెప్పు. తర్వాత లెక్క తేలుద్దాం."

వసారాకు వెళ్లి చెప్పాను. ఆవిడ రాస్తున్న మామగారి పేరు కొట్టేసి నా పేరు అడిగింది. బావమరిది నా వైపు చూడలేదు, బిందె మాత్రం లాక్కుని నాలుగో స్తంభం మీద నీళ్లు కుమ్మరించాడు.

మామగారూ, బావమరిదీ, నేనూ వంగి చూశాం. తడి కిందికి జారుతోంది. పొరలు అడ్డంగా తేలతాయో, నిలువుగా తేలతాయో ఇంకా తెలియడం లేదు.