ఊతకర్ర

కాండాన్ని గోటితో గీరి, వేలికంటిన పొట్టును వాసన చూశాడు. పుల్లగా ఉంది. లోపల పురుగుంది. ఒక్క వేటుకు లేతమొక్క వాలిపోయింది. నరికినదాన్ని పొద్దుగూకేలోగా కాల్చెయ్యాలి. లేకపోతే పురుగుకు రెక్కలొచ్చి పక్క మొక్కల మీద వాలుతుంది. వరసలుగా నాటి పెంచుతున్న ఈ అడవిలో అతని పని అదే. చొక్కాల నిండా నిప్పురవ్వల చిల్లులు, కనుబొమలు సగమే మిగిలాయి. తోటివాళ్లకు అతను నిప్పుల మామ.

"ఇంట్లో పొయ్యి కూడా నువ్వే రాజేస్తావా మామా?" అంది గడ్డి తీస్తున్నామె.

"ఇంట్లో మీ అత్తే నిప్పు. నేను ఎడంగా కూర్చుంటా."

మధ్యాహ్నం మేస్త్రీ పిలిచాడు. ఈ ఏడు నాటిన మొక్కలు చూపించాడు, నిప్పుల మామ ఇంటి కంచె పక్కవే. అటువైపు ఇంతవరకూ చీడ లేదు. ఇప్పుడు మొదటి వరసంతా పురుగు తొలిచిన పొట్టు రాలుతోంది.

"ఇటెలా వచ్చిందంటావ్?"

"గాలికొచ్చుంటుంది," అన్నాడు.

గాలి కాదు. నడుం పడిపోయి మంచం పట్టిన భార్య కోసం, కాల్చాల్సిన కుప్పలోంచి తిన్నటి కాండం ఒకటి లాగి ఊతకర్ర చేశాడు. అప్పుడు ఎక్కడా చిల్లు కనబడలేదు. కర్ర చేతికొచ్చాక ఆమె మంచం దిగింది, గుమ్మం దాటింది. పిడి కింద సన్నటి చిల్లు అతని కంటబడింది మొన్ననే. మైనం పెట్టి పూడ్చి ఊరుకున్నాడు.

"సాయంత్రం కంచె దాకా ఎదురొస్తానయ్యా, చూస్తూండు," అంది ఆమె పొద్దున.

ఇంటిదారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. ఇది కాల్చేస్తానే, రేపే ఇంకోటి చేసిస్తా. ఒక్క రోజు ఓర్చుకో.

కంచె దగ్గర ఎవరూ లేరు. ఆమె గుమ్మంలో కూర్చుని ఉంది. చెప్పులు తొడుక్కుంది. తల ద్వారబంధానికి ఆనింది, కర్ర ఒళ్లో ఉంది.

"లేవే, చీకటి పడుతోంది," అన్నాడు. చెయ్యి పట్టుకున్నాక మళ్లీ పిలవలేదు.

మర్నాడు వచ్చినవాళ్లంతా వెళ్లిపోయారు. ఆ కర్రతో ఇక ఎవరికీ అవసరం లేదు. అగ్గిపెట్టె తీశాడు, చాలాసేపు చేతిలోనే ఉంచుకుని, మళ్లీ జేబులో వేసుకుని పనికి బయల్దేరాడు.

తలుపు మూల కర్ర ఆనించి ఉంది. ఆమె అరచేతి రాపిడికి పిడి నున్నబడింది. కింద, ఊడ్చిన నేల మీద, చిటికెడు కొత్త పొట్టు.